ఆపరేషను బల్ల ఎక్కక ముందే రక్తము కాపాడుకోవాలి

గర్భసంచిలో గెడ్డ ఉన్నదని, అండాశయములో కణితి ఉన్నదని స్కానింగులో తేలిన తరువాత మా ఓ.పి.లో ఇంటివారు అడిగే మొదటి ప్రశ్న "ఆపరేషను ఎప్పుడండీ?" అని. రెండవది "రక్తం ఎన్ని సీసాలు తెచ్చుకోవాలండీ?" అని. ఈ రెండవ ప్రశ్నకు "ఒక్కటి కూడా అవసరము పడకుండా చూద్దాము" అని చెప్పగలగాలన్నది మా ప్రయత్నము. అందులో డాక్టరుగారి పని ఎంత, మా నర్సుల పని ఎంత, ఇంటివారి పని ఎంత అన్నది ఈసారి వ్రాస్తున్నాము. ఇంటివారి పనే ముందు మొదలవుతుందని చదివితే మీకే తెలుస్తుంది.

ఆ చోటులోనే చిక్కు ఉన్నది

పొత్తికడుపు అడుగున, తుంటి ఎముకల మధ్య గిన్నె వంటి చోటును కటి అంటారు. గర్భసంచి, అండాశయములు, మూత్రాశయము, పెద్దపేగు చివరి భాగము అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకుని ఉంటాయి. రెండు పక్కల నుండి పెద్ద ధమనులు వచ్చి, మన డెల్టాలో పంట కాలువలు చీలినట్లు శాఖలుగా చీలిపోతాయి. ఒక బోదె మూస్తే మరొక బోదె నుండి నీరు వచ్చినట్లు, ఇక్కడ ఒక నాళమును ముడి వేసినా పక్క నాళము నుండి రక్తము వస్తూనే ఉంటుంది. గెడ్డ పెరిగే కొద్దీ దానికి రక్తము తెచ్చే నాళములు కూడా లావెక్కుతాయి. ఇక వెనుక వైపున ఎముకను అంటుకుని ఉండే సిరలు బాగా పలుచనివి. అవి చిరిగితే పట్టుకుని ముడి వేయటానికి కూడా సరిగా అందవు.

ఇంకొక సంగతి. గన్నవరము అక్విడక్టు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ పైన కాలువ పోతుంది, దాని కింద వైనతేయ పోతుంది. గర్భసంచికి రక్తము తెచ్చే ధమని కూడా అలాగే పైన దాటుతుంది, దాని కిందుగా మూత్రపిండము నుండి వచ్చే మూత్రనాళము పోతుంది. రక్తము చిమ్మినప్పుడు కంగారుపడి గుడ్డిగా క్లాంపు వేస్తే కాలువతో పాటు నదిని కూడా బిగించినట్లవుతుంది. అందుకే అనుభవము గల డాక్టరు మొదట చేసేది మాపు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోవటము. "ఐదు నిమిషాలు" అన్నారంటే మేము గోడ గడియారము చూసి ఐదు నిమిషాలు లెక్క చెబుతాము. ఆ ఐదు నిమిషాల ఓపిక ఎన్నో సీసాల రక్తము మిగులుస్తుంది.

మన ఒంట్లో ఉన్నదెంత?

50 కిలోల బరువున్న స్త్రీ శరీరములో సుమారు మూడుంపావు లీటర్ల రక్తము ఉంటుంది. అంతే. గర్భసంచి ఆపరేషనులో సాధారణముగా కొన్ని వందల మిల్లీలీటర్లు పోతుంది. గెడ్డలు ఎక్కువైతే, పెద్దవైతే లీటరు కూడా దాటవచ్చు. హిమోగ్లోబిను 12 గ్రాములు ఉన్న తల్లికి అర లీటరు పోతే శరీరము సర్దుకుంటుంది. 6 గ్రాములే ఉన్న తల్లికి అదే అర లీటరు పోతే గుండె దడదడలాడుతుంది, బి.పి. జారిపోతుంది. పోయిన రక్తము ఇద్దరికీ ఒక్కటే, తేడా అంతా బల్ల ఎక్కేటప్పుడు చేతిలో ఉన్న నిల్వలో ఉంది.

మన రాష్ట్రములో ఆ నిల్వ తక్కువ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రములో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 100కి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. గెడ్డలున్న వారి సంగతి ఇంకా కష్టము. నెలసరిలో 80 మిల్లీలీటర్ల వరకు రక్తము పోవటము మామూలు. దానితోనే సుమారు 40 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మనము తినే ఆహారము నుండి శరీరము రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును పట్టుకోలేదు. అంటే మామూలు నెలసరికే ఆదాయము, ఖర్చు సరికి సరి. గెడ్డ వలన రెండింతలు, మూడింతలు పోయే తల్లి ప్రతి నెలా అప్పులోకి దిగుతుందన్నమాట.

ఎవరూ గ్లాసు పెట్టి కొలవరు గనుక ఈ గుర్తులు చూసుకోండి. గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చవలసి వస్తున్నదా, రాత్రి నిద్ర లేచి మార్చుకుంటున్నారా, రూపాయి బిళ్ళ కన్నా పెద్ద రక్తపు ముద్దలు పడుతున్నాయా, ఏడు రోజులు దాటినా ఆగటము లేదా? వీటిలో ఏది ఉన్నా అది "ఆడవాళ్ళకు మామూలే" కాదు. సువార్తలలో పన్నెండు సంవత్సరములు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ గురించి చదివినప్పుడు మనకు జాలి కలుగుతుంది. మన ఇంట్లోనే మూడేళ్ళుగా బాధపడుతున్న తల్లిని మాత్రము గమనించము.

"రెండు సీసాలు ఎక్కించి తీసేయండి"

ఆ మధ్య పూతరేకులు తీసే ఒక తల్లి వచ్చారు. వయస్సు నలభై దాటింది. గర్భసంచి ఐదో నెల కడుపంత పెరిగి ఉంది, హిమోగ్లోబిను ఆరు. "నీరసము అంటే కుండ ముందు సెగకి కూర్చుంటాది గదండీ, దానివల్ల అనుకున్నామండి" అన్నారు అత్తగారు. భర్తకు తొందర. "సిస్టరుగారూ, రెండు సీసాలు ఎక్కించేసి గెడ్డ తీసేయమని డాక్టరుగారితో చెప్పండి. సంక్రాంతికి మా అప్పచెల్లెళ్ళు వచ్చేస్తారండీ."

"బాబూ, చిల్లు పడ్డ బిందెలో నీళ్ళు పోసుకుని ఇంటి దాకా మోస్తావా, చిల్లు మూసి పోసుకుంటావా?" అని అడిగాము. "ఆయ్, అలాగేనండి" అన్నాడు గాని ముఖములో కోపము తెలుస్తూనే ఉంది. కోపము సహజమే. గెడ్డ కడుపులో పెట్టుకుని ఇంటికి పొమ్మంటే ఎవరికి నచ్చుతుంది?

ఆమెకు ముందు నెలసరి ఆపే ఇంజక్షను ఇచ్చారు. ఇనుము మందు సెలైనులో కలిపి విడతలుగా ఎక్కించాము. నులిపురుగుల మాత్ర ఇచ్చాము. ఏడు వారములకు హిమోగ్లోబిను 10.8కి వచ్చింది, గెడ్డ కూడా కొంత తగ్గింది. పండుగ వెళ్ళిన తరువాత ఆపరేషను జరిగింది. ఒక్క సీసా కూడా ఎక్కించవలసిన అవసరము రాలేదు. కుట్లు తీసిన రోజున అత్తగారు ఒక పెట్టె పూతరేకులు తెచ్చి డ్యూటీ రూములో పెట్టి వెళ్ళారు. నేతివే.

బెల్లము, బీట్‌రూట్, మాత్రలు

బెల్లము తింటే రక్తము పడుతుందని మన ప్రాంతములో గట్టి నమ్మకము. బెల్లములో ఇనుము కొంత ఉన్నమాట నిజమే గాని, గెడ్డ వలన తగ్గిపోయిన రక్తమును అది నింపలేదు. బీట్‌రూట్ రసము ఎర్రగా ఉంటుంది, అంతే. తోటకూర, గోంగూర మంచివే, కాకపోతే వాటిలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. మాంసము, కాలేయము, చేపలలోది బాగా పడుతుంది. పులస కోసము పుస్తెలు అమ్ముకోనక్కరలేదు, చిన్న చేపలు చాలు. అయినా ఆపరేషను దగ్గరలో ఉన్నప్పుడు తిండి ఒక్కటే సరిపోదు, మందు కావాలి.

ఇనుము మాత్రను నిమ్మరసముతో గాని జామకాయతో గాని వేసుకోండి. టీ, కాఫీ, పాలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియము మాత్రకు, దీనికి మధ్య కొన్ని గంటలు ఎడము ఉండాలి. విరేచనము నల్లగా వస్తే భయపడవద్దు. కడుపులో తిప్పినట్లు ఉంటే మాత్రలు కాలువలో పారేయకుండా మాకు చెప్పండి. రోజు విడిచి రోజు వేసుకున్నా ఇనుము చక్కగా పడుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి డాక్టరుగారు ఆ విధముగా మార్చవచ్చు. మాత్రలతో హిమోగ్లోబిను పెరగటానికి వారాలు పడుతుంది. అంత వ్యవధి లేనివారికి, మాత్రలు పడనివారికి నరమునకు ఎక్కించే ఇనుము ఉంది. రక్తము అప్పటికప్పుడు ఎక్కించటము ప్రాణము మీదకు వచ్చినప్పుడే.

"రక్తము ఎక్కించుకుంటే బలము కదా, ఎందుకు వద్దంటారు?" అని అడుగుతారు. ఒక సీసా రక్తముతో హిమోగ్లోబిను సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. బ్లడ్ బ్యాంకులో ఎయిడ్స్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సుఖవ్యాధి, మలేరియా పరీక్షలు చేసే ఇస్తారు. అయినా చలిజ్వరము, దద్దుర్లు, ఒక్కొక్కసారి ఊపిరితిత్తులకు నీరు పట్టటము వంటివి జరగవచ్చు. తప్పనిసరి అయినప్పుడు అది ప్రాణదాత. టానిక్కులా వాడేది కాదు.

అసలు ఆపరేషను కావాలా?

ఇది మేము అడగవలసిన ప్రశ్నే. 2015-16 సర్వే ప్రకారము దేశము మొత్తము మీద 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 100కి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేసి ఉండగా, మన రాష్ట్రములో సుమారు తొమ్మిది మందికి తీసివేసి ఉంది. అవసరము లేని గర్భసంచి ఆపరేషనులను అరికట్టే మార్గదర్శకములు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించింది కూడా. బాధ పెట్టని చిన్న గెడ్డను కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. ముట్లుడిగిన తరువాత చాలా గెడ్డలు వాటంతట అవే చిక్కిపోతాయి. మాత్రలతో, హార్మోను లూపుతో రక్తస్రావము తగ్గేవారు ఉన్నారు. చేయనవసరము లేని ఆపరేషను చేయకపోతే ఒక్క చుక్క కూడా పోదు.

థియేటరులో జరిగేది

గెడ్డను మాత్రమే తీసి గర్భసంచిని నిలబెట్టే ఆపరేషనుకు ప్రసిద్ధి తెచ్చినవాడు ఇంగ్లండు డాక్టరు విక్టర్ బోనీ. ఆయన భార్యకే గెడ్డల వలన గర్భసంచి తీసివేయవలసి వచ్చింది, వారికి పిల్లలు లేరు. ఆ బాధతోనే ఇతర స్త్రీలకు గర్భసంచి దక్కించాలని పట్టుబట్టాడని చెబుతారు. రక్తము పోకుండా ధమనులను తాత్కాలికముగా నొక్కి పట్టే క్లాంపును తయారు చేయించాడు, నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది. ఇప్పుడు చాలా చోట్ల దానికి బదులు గర్భసంచి మెడ చుట్టూ రబ్బరు గొట్టము బిగించి కడతారు. వాసోప్రెసిన్ అనే మందును గెడ్డ చుట్టూ గుచ్చితే నాళములు ముడుచుకుంటాయి. 2014లో కోక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కూర్చి చూసినప్పుడు ఈ రెంటిలో ఒక్కొక్కటీ సుమారు పావు లీటరు చొప్పున రక్తము మిగిల్చినట్లు తేలింది. వాసోప్రెసిన్ గుచ్చే ముందు మత్తు డాక్టరుగారికి గట్టిగా చెప్పి తీరాలి, గుండె మీద దాని ప్రభావము ఉంటుంది కాబట్టి.

ట్రానెక్సామిక్ ఆమ్లము కథ మాకు ఇష్టము. దీనిని కనుగొన్నది జపాను దేశపు ఒకామోటో దంపతులు, ఉటాకో, షోసుకే. 1962లో దాని ఫలితములు ప్రచురించారు. కాన్పులో రక్తము పోయి చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఉటాకోగారి కోరిక. బిడ్డను చూసేవారు లేక వీపున కట్టుకుని ప్రయోగశాలలో పని చేసిన తల్లి ఆమె. 2016లో 98 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఈ మందు కొత్తగా రక్తమును గడ్డ కట్టించదు, కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. 2022లో 9,535 మంది ఆపరేషను రోగులపై వచ్చిన అంతర్జాతీయ పరిశోధనలో, మందు ఇవ్వనివారిలో 100కి సుమారు 12 మందికి తీవ్ర రక్తస్రావము జరిగితే, ఇచ్చినవారిలో 9 మందికి జరిగింది. ఖరీదు కూడా తక్కువ. కాళ్ళ నరములలో గాని ఊపిరితిత్తులలో గాని ఎప్పుడైనా రక్తము గడ్డ కట్టి ఉంటే ఆ సంగతి ముందుగానే చెప్పాలి.

ఏదీ పని చేయనప్పుడు కటికి పోయే పెద్ద ధమనినే ముడి వేస్తారు. లొల్ల లాకుల దగ్గర తలుపు దింపినట్లు. అమెరికాలో హోవార్డ్ కెల్లీ ఈ పద్ధతిని 1890లలోనే వాడాడు. దిగువకు రక్తము పూర్తిగా ఆగదు, పక్క కాలువల నుండి వస్తూనే ఉంటుంది, గాని ఉరవడి పోతుంది. ఉరవడి తగ్గితే గడ్డ కట్టటానికి వీలు దొరుకుతుంది.

ఇక మా పని. ఆపరేషనుకు ముందు ప్రతి మాపు లెక్క పెట్టి బోర్డు మీద వ్రాస్తాము. రక్తముతో తడిసిన మాపును తూకము వేసి పొడి బరువు తీసివేస్తే ఎన్ని గ్రాములు వస్తుందో సుమారుగా అన్ని మిల్లీలీటర్లు పోయినట్లు. సక్షను సీసాలో ఉన్నదాని నుండి కడిగిన సెలైను తీసివేస్తాము. కంటితో చూసి "పెద్దగా పోలేదు" అనుకునేటప్పుడు నిజముగా పోయినది ఎక్కువే ఉంటుంది, అందుకే తూకము. రోగికి చలి తగలకుండా దుప్పట్లు కప్పుతాము, సెలైను వెచ్చబెడతాము. ఒళ్ళు చల్లబడితే రక్తము సరిగా గడ్డ కట్టదు. "థియేటరులో ఏ.సి. ఎందుకు తగ్గించారు, ఉక్కగా ఉంది" అని మా వాళ్ళే విసుక్కుంటారు. చెమట మాకు పట్టినా ఫరవాలేదు.

దాచకుండా చెప్పవలసినవి

గుండెకు, పక్షవాతమునకు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తము పలుచబరిచే మాత్రలు, మోకాళ్ళ నొప్పులకు వాడే మాత్రలు, నాటు మందులు, పసరులు అన్నీ సంచిలో వేసుకుని తెచ్చి చూపించండి. గుండెలో స్టెంటు ఉన్నవారు వాటిని సొంతముగా ఆపవద్దు, ఎప్పుడు ఆపాలో డాక్టర్లు మాట్లాడుకుని చెబుతారు. పన్ను పీకించుకున్నప్పుడు గాని, కాన్పులో గాని రక్తము ఆగకుండా పోయిందా? అది కూడా చెప్పండి.

రక్తము సిద్ధముగా ఉంచమన్నప్పుడు బొబ్బర్లంక దాటి రాజమహేంద్రవరము పరుగెత్తేది ఆపరేషను రోజు తెల్లవారి కాదు, ముందు రోజే. డబ్బిచ్చి మనిషిని తెచ్చే కాలము పోయింది. సుప్రీంకోర్టు తీర్పు వలన 1998 జనవరి 1 నుండి రక్తము అమ్ముకునే దాతలు నిషిద్ధము. ఇంటి మగవారే ఇవ్వవచ్చు. 18 నుండి 65 ఏళ్ళ వయస్సు, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిను ఉంటే చాలు. ఇచ్చినవారు కొబ్బరి చెట్టు ఎక్కలేకపోతారన్నది అపోహ, కాకపోతే ఆ ఒక్క రోజు ఎక్కకండి.

ఆగకూడని సందర్భము

పైన ఏడు వారములు ఆగిన తల్లి గురించి వ్రాశాము గాని అది అందరికీ వర్తించదు. ముట్లుడిగిన తరువాత మరలా రక్తము కనిపిస్తే, కలిసిన తరువాత రక్తము పోతే, పొట్ట త్వరగా ఉబ్బుతుంటే ఆ వారములోనే రండి. అది క్యాన్సరు కావచ్చు, అక్కడ నెలల తరబడి ఎదురుచూపు పనికిరాదు. రక్తమునకు వైద్యము, క్యాన్సరునకు వైద్యము ఒకేసారి నడపాలి. కటి ఎముకలో పుట్టిన కణితులు, పక్క అవయవములకు పాకిన కణితులు మా వంటి చిన్న ఆసుపత్రిలో ముట్టుకోకూడనివి. వాటిని విశాఖపట్నములోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి గాని హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి గాని పంపటమే సరి. "మీకు చేతకాక పంపుతున్నారా?" అని ఒకాయన అడిగారు. అవునండీ, అందుకే పంపుతున్నాము అన్నాము.

పెద్ద కేంద్రములలో ఆపరేషనుకు ముందే తొడ దగ్గర సన్నని గొట్టము పంపి, కణితికి పోయే ధమనిని లోపలి నుండే చిన్న చిన్న రేణువులతో మూసివేస్తారు. ప్యారిస్‌లో డాక్టరు రవినా గర్భసంచి గెడ్డలకు ఆపరేషనులో రక్తము తగ్గుతుందని ఇలా చేయగా, కొందరు స్త్రీలకు గెడ్డ చిక్కి బాధ తగ్గిపోయి ఆపరేషనే వద్దనుకున్నారు. 1995లో ఆయన ఆ సంగతి ప్రచురించిన తరువాత అది సొంతముగా ఒక వైద్యమైంది.

ఆపరేషను అయి ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే ఇనుము మాత్రలు కుట్లు మానగానే ఆపవద్దు. హిమోగ్లోబిను మామూలుకు వచ్చిన తరువాత కూడా సుమారు మూడు నెలలు వాడితేనే లోపలి నిల్వ నిండుతుంది. పరీక్షకు మళ్ళీ వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడిన మాత్రల అట్టలు తీసుకురండి. ఖాళీ అట్టలే మాకు ఎక్కువ సంతోషము.